కర్నూలు నుంచి గండికోట, ఒక్కడివే బండి మీద: కిలోమీటర్లు తరవాత, ముందు గాలి చూసుకో

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. జూలై మూడో వారంలో ఒక శనివారం తెల్లవారుజామున కర్నూల్లో బయల్దేరి, బేలం గుహలు చూసి, తాడిపత్రి గుడులు చూసి, గండికోటలో పొద్దు గూకేదాకా ఉండి, రాత్రికి కడప చేరుకుని పడుకోవాలన్నది నీ ప్లాను. బండి 150 సీసీ, తోడు ఎవరూ లేరు, ఇంత దూరం ఒంటరిగా పోవడం ఇదే మొదటిసారి. మొత్తం మూడు వందల కిలోమీటర్లే కదన్నా, అరవైలో పోయినా అయిదు గంటలు, మిగిలిన టైమంతా తిరగడానికే కదా అన్నావు. అమ్మ ఒప్పుకోవడం లేదని కూడా రాశావు, దాని సంగతి చివర్లో చెప్తా.

పోగలవా అంటే పోగలవు, కుర్రాడివి. కానీ నీ లెక్కలో ఒక తిరకాసు ఉంది. మీటరు మీద అరవై కనపడటం వేరు, గంటలో అరవై కిలోమీటర్లు గడవడం వేరు. కర్నూలు నుంచి పాణ్యం దాకా నాలుగు లైన్ల హైవే, అక్కడ నీ లెక్క పని చేస్తుంది. పాణ్యంలో కుడి వైపు బనగానపల్లె రోడ్డు పట్టుకున్నాక ఊరికొక స్పీడ్ బ్రేకర్, దాని మీద రంగు ఉండదు, మలుపు దాటగానే గొర్రెల మంద, ఎదురుగా బండలేసుకున్న లారీ. టీకి ఆగుతావు, ఫోటోకి ఆగుతావు, దారి అడగడానికి ఆగుతావు. అన్నీ కలుపుకుంటే సగటున గంటకు నలభై వచ్చిందంటే బాగా వచ్చినట్టు. అంటే బండి మీదే ఏడున్నర గంటలు. బేలంలో రెండు గంటలు, తాడిపత్రిలో గంటన్నర, గండికోటలో రెండు గంటలు, తిండికీ నీళ్ళకీ ఇంకో గంటన్నర. పొద్దున ఆరుకి బయల్దేరితే రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది, అందులో ఆఖరి ఎనభై కిలోమీటర్లు చీకట్లో, ఒళ్ళు బాగా అలిసిపోయాక, ముందెప్పుడూ పోని రోడ్డు మీద పడతాయి. ఇంత ప్లానులో నాకు నచ్చనిది ఆ ఎనభై కిలోమీటర్లే.

కాబట్టి నా సలహా: తాడిపత్రిని ఈసారికి వదిలెయ్, రాత్రికి గండికోటలోనే ఉండిపో, కడపకు ఆదివారం పొద్దున పో. శనివారం బండి నడిపేది నూట డెబ్భై కిలోమీటర్ల లోపే అవుతుంది. ఇంతేనా, దీనికి లాంగ్ రైడ్ అని పేరెందుకు అని నీకు అనిపించొచ్చు. జూలైలో మన వైపు గాలి ఎట్లుంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకుంటే అట్లా అనిపించదు.

ఆషాఢం గాలి గురించి మనూళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు, రేకులు ఎగిరిపోయే గాలి. అనంతపురం, తాడిపత్రి వైపు కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. నైరుతి రుతుపవనాల గాలి జూన్ నుంచి ఆగస్టు దాకా పడమర నుంచో నైరుతి నుంచో కొడుతుంది, పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది, మధ్యాహ్నం పూట గట్టిగా ఉంటుంది. నువ్వు బనగానపల్లె నుంచి అవుకు, కొలిమిగుండ్ల మీదుగా దక్షిణం వైపు పోతుంటావు, అంటే గాలి నీ కుడి భుజం మీద పడుతుంది. కారువాళ్ళకు ఇది తెలియనే తెలియదు. నూట నలభై, నూట యాభై కిలోల బండికి బాగా తెలుస్తుంది.

పక్కగాలిలో కొత్తవాళ్ళు ఏం చేస్తారంటే, బండి పక్కకు పోతోందని భయపడి హ్యాండిల్‌ని బిగించి పట్టుకుంటారు. చేతులు ఎంత బిగిస్తే బండి అంత వంకరలు పోతుంది, ఎందుకంటే గాలి నీ ఛాతీని, భుజాలని తోస్తుంటే ఆ తోపుడంతా చేతుల్లోంచి హ్యాండిల్‌కే పోతుంది. మోకాళ్ళతో ట్యాంకును గట్టిగా పట్టుకో, నడుము పై భాగాన్ని కొంచెం ముందుకు వంచు, మోచేతులు వదులుగా ఉంచు. బండి తనంతట తానే గాలి వైపుకి కొంచెం వాలి నడుస్తుంది, వాలనియ్. స్పీడు అరవైకో, గాలి మరీ ఎక్కువుంటే యాభైకో దించు. రోడ్డు ఎడమ అంచు పట్టుకుని పోవద్దు, గాలి తోసేది అటే, నీకు జరగడానికి చోటుండాలి. నీ లైనుకి మధ్యలో నడుపు.

ఇప్పుడు అసలు విషయం, దీన్ని ఓపిగ్గా చదువు. కుడి నుంచి గాలి కొడుతోంది, నువ్వు దానికి ఆనుకుని కుడికి వాలి పోతున్నావు. ఎదురుగా ఒక లారీ వచ్చింది. అది నీ పక్కకు రాగానే గాలికి అడ్డమవుతుంది, ఒక్కసారిగా నీ మీద గాలి ఉండదు. నువ్వు మాత్రం ఇంకా కుడికే వాలి ఉన్నావు, బండి లారీ వైపుకి లాగినట్టు జరుగుతుంది. అరసెకను తరవాత లారీ దాటిపోతుంది, ఆగిన గాలి, లారీ తోసిన గాలి రెండూ కలిపి ఎడమ వైపుకి ఒక్క తోపు తోస్తాయి. ముందు కుడికి, వెంటనే ఎడమకి. లారీ ఇంకా దూరంగా ఉండగానే యాక్సిలరేటర్ కొంచెం వదిలి, ఎడమకి ఒక అడుగు జరిగి, చేతులు వదులు చేసుకుని ఉంటే ఇది చిన్న కుదుపే. ఎనభైలో, అంచు మీద, బిగుసుకుని ఉంటే చిన్నది కాదు. నువ్వు లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు సంగతి వేరు: లారీకి కుడి పక్కన ఉన్నంతసేపు గాలి నిన్ను లారీ వైపే తోస్తుంటుంది. అందుకే ఆ రోడ్డు మీద పక్కగాలిలో ఓవర్‌టేక్ చేస్తే మంచి ఖాళీ చూసుకుని, లారీకి దూరం ఉంచుకుని చెయ్యి, సందుల్లో దూరొద్దు.

లగేజీ కూడా ఇందులో భాగమే. రెండు పక్కలా బ్యాగులు వేలాడేస్తే అవి తెరచాపల్లాగా గాలి పట్టేస్తాయి. ఒక రాత్రికి ఏం కావాలి నీకు, ఒక జత బట్టలు, రెయిన్ కోటు, ఛార్జర్, కొన్ని మాత్రలు. వెనక సీటు మీద అడ్డంగా, ఎత్తు తక్కువగా ఒక్క బ్యాగు కట్టుకో. కొక్కేల రబ్బరు తాడు కంటే బకెల్ ఉన్న పట్టీలు మంచివి, కొక్కెం ఊడితే తాడు పోయి చక్రంలో చుట్టుకుంటుంది. వీపుకి బరువైన బ్యాగు వద్దు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

ఆ రోడ్డు మీద లారీల సంగతి ఇంకొకటి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఇదంతా నాపబండల సీమ, పైగా సిమెంటు ఫ్యాక్టరీలు. బండలు నిలువుగా పేర్చుకుని పోయే లారీ వెనక ఎప్పుడూ ఉండొద్దు. గతుకులో పడినప్పుడు చివరి వరసలో ముక్కలు రాలుతాయి, అరచేయంత ముక్క చాలు, ముందు చక్రం కింద పడితే రిమ్ము వంగుతుంది. రోడ్డు పక్కన బండ ముక్కల గుట్టలు ఉంటాయి, అంచుకి జరిగినప్పుడు వాటి మీదకి ఎక్కకు. అయితే ఆ ముక్కల వల్ల ఒక లాభం ఉంది: నల్లరేగడి నేలలో సైడ్ స్టాండ్ వేస్తే వానాకాలం అది మెల్లగా దిగబడి, నువ్వు టీ తాగొచ్చేసరికి బండి పక్కకు ఒరిగి ఉంటుంది. ఒక చదునైన బండ ముక్క స్టాండ్ కింద పెట్టు, వెతుక్కునే పని కూడా ఉండదు. అదే నల్లమట్టి ట్రాక్టరు టైర్లకు అంటుకుని రోడ్డెక్కుతుంది. పొడిగా ఉంటే పరవాలేదు, సన్న చినుకు పడితే సబ్బు రాసినట్టే. పొలంలోంచి రోడ్డు మీదకి టైరు గుర్తులు ఎక్కిన చోటల్లా ముందే స్పీడు తగ్గించు, దాని మీద ఉన్నప్పుడు బ్రేకు పట్టొద్దు, వంచొద్దు, నేరుగా దాటెయ్.

ఇక రోజు ఎట్లా పోవాలో చెప్తా. నువ్వు నాలుగింటికి బయల్దేరతానన్నావు, ఎందుకు? బేలం గుహల్లోకి పొద్దున పది తరవాతే వదులుతారు. నాలుగింటికి లేస్తే నిద్ర చాలదు, చీకట్లో గంటన్నర నడపాలి, ఏడుకల్లా పోయి గేటు ముందు కూర్చోవాలి. ఆరుకి, బాగా వెలుగొచ్చాక బయల్దేరు. టోల్ గేటు దగ్గర టూవీలర్‌కి డబ్బులు లేవు, ఎడమ చివర దారి ఉంటుంది. ఓర్వకల్లు రాళ్ళవనం దారిలోనే తగులుతుంది, మనూరి పక్కదే కదా, ఎప్పుడైనా చూడొచ్చు, ఆగకు. ఎనిమిది లోపు బనగానపల్లెలో ఉంటావు. అక్కడ ఉగ్గాని, బజ్జీ తిను. పొద్దున పూట బండి మీదకి ఇంతకంటే మంచి టిఫిను లేదని నా అభిప్రాయం, బొరుగులు కాబట్టి కడుపు నిండుతుంది కానీ బరువెక్కదు. బజ్జీలు మాత్రం రెండుతో ఆపు, మన మిరపకాయ సంగతి తెలుసుగా, పక్కన బాత్రూము ఉండదు.

టైము మిగిలితే యాగంటి పోయి రావొచ్చు, పక్కకు పద్నాలుగు కిలోమీటర్లు, కోనేరు నీళ్ళు చల్లగా ఉంటాయి. ఒంటరిగా తిరిగేవాడికి గుడి దగ్గర వచ్చే ఇబ్బంది ఏంటంటే హెల్మెట్టు, బ్యాగు, షూ ఎవరు చూస్తారు అని. టెంకాయల అంగడిలో టెంకాయ కొను, అయ్యా ఈ బ్యాగు కాస్త చూస్తుండండి అని అడుగు, ఎవరూ కాదనరు. డబ్బులు, ఫోను, బండి కాగితాలు మాత్రం ఒంటి మీదే ఉండాలి. అసలు కాగితాలు మోయక్కర్లేదు కూడా, డిజీలాకర్‌లో ఉన్న లైసెన్సు, ఆర్సీ చూపిస్తే చెల్లుతుంది.

బేలం గురించి నువ్వు చదివే ఉంటావు, 3,229 మీటర్ల పొడవు, మైదాన ప్రాంతంలో జనం చూడ్డానికి తెరిచిన గుహల్లో మన ఉపఖండంలోకెల్లా పొడవైనది. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, 1982, 83ల్లో జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపలంతా కొలిచింది, జనాన్ని వదలడం మొదలైంది 2002లో. ఇదంతా అక్కడ బోర్డు మీద ఉంటుంది. బోర్డు మీద ఉండనిది ఏంటంటే, లోపల ఉక్క. గుహ అంటే చల్లగా ఉంటుందనుకుని జాకెట్‌తోనే దిగేవాళ్ళని చూశాను, పావుగంటకే ముఖాలు వాడిపోతాయి. గాలి పంపే గొట్టాలు పెట్టారు, వాటి కింద నిలబడితే హాయిగా ఉంటుంది, నాలుగడుగులేస్తే మళ్ళీ చెమటే. జాకెట్టు, మోకాలి గార్డులు బయటే అప్పజెప్పి దిగు. పాతాళగంగ దాకా పోయిరా, నేల మట్టానికి 46 మీటర్ల లోతు, అక్కడ మెట్లు తడిగా ఉంటాయి, రైడింగ్ షూ అడుగు గట్టిది కాబట్టి జారుతుంది, చెయ్యి ఆనించి దిగు.

బయటికొచ్చాక వెంటనే బండెక్కకు. ఒళ్ళంతా చెమట, నీళ్ళు చాలా పోయుంటాయి, పైగా బయట గాలి. ఈ గాలితో వచ్చే మోసం ఇదే: చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన మరుక్షణం ఆరిపోతుంది, దాహం కూడా వెయ్యదు. సాయంత్రం తలనొప్పి వచ్చాక గానీ నీళ్ళు తాగలేదని గుర్తు రాదు. దాహంతో పని లేకుండా ఆగిన ప్రతిచోటా తాగు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్ళలో కలిపి పెట్టుకో, మజ్జిగ దొరికితే వదలకు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఎవరో హారన్ కొట్టారని ఊరికే కోపం వచ్చిందంటే కూడా అదే, ఆగి నీళ్ళు తాగు. గాలి తగలాలని జాకెట్ జిప్పు తీసి నడిపేవాళ్ళుంటారు, జూలైలో పరవాలేదు గానీ ఏప్రిల్, మే నెలల్లో మన నలభై డిగ్రీల ఎండలో ఆ పని చెయ్యకూడదు. బయటి గాలి ఒంటి కంటే వేడిగా ఉన్నప్పుడు అది చల్లబరచదు, ఒంట్లో నీళ్ళు లాక్కుపోతుంది. పొలం పనికి పోయేవాళ్ళు ఎండలో నిండు చేతుల చొక్కా వేసుకునేది అందుకే.

ఇక్కడే తాడిపత్రి ఎందుకు వదలమన్నానో కూడా చెప్తా. బేలం నుంచి తాడిపత్రి ముప్పై కిలోమీటర్లు, నైరుతి దారి, మధ్యాహ్నం గాలికి ఎదురు. గాలికి ఎదురుగా 150 సీసీ బండి ఆయాసపడుతుంది, మైలేజీ పడిపోతుంది, నీ మెడ పట్టేస్తుంది. తీరా చేరేది ఒంటిగంట దాటాక, మధ్యాహ్నం పూట గుడి తలుపులు మూసి ఉంటాయి. చింతల వెంకటరమణస్వామి గుడి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఆ రాతి పని చూడ్డానికి ఒక పూట కేటాయించాలి, గేటు బయట ఫోటో తీసుకుని వచ్చెయ్యడానికి కాదు. చలికాలంలో అనంతపురం వైపు పోయేటప్పుడు పెట్టుకో.

బేలం నుంచి నేరుగా జమ్మలమడుగు వైపు పోతే గండికోటకు అరవై కిలోమీటర్ల చిల్లర. ఇది ఆగ్నేయం దారి, గాలి ఇప్పుడు వెనక నుంచి. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం, హెల్మెట్‌లో హోరు ఉండదు, బండి తేలిపోతున్నట్టు ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. హోరు లేకపోతే స్పీడు తెలియదు, అరవై అనుకుంటే ఎనభై ఉంటుంది, మీటరు చూసుకుంటూ ఉండు. పైగా నువ్వు పొద్దున్నుంచి బండి మీద ఉన్నావు, గుహ ఎక్కి దిగావు, ఇప్పుడు అన్నం తింటావు. తోడుంటే మాటలుంటాయి, వెనక కూర్చున్నవాడు వీపు మీద గుద్దుతాడు. ఒంటరిగా ఉన్నప్పుడు కన్ను మూతపడితే లేపేవాళ్ళు లేరు. అందుకని మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు జోలికి పోవద్దు, అది రాత్రికి ఉంచుకో. పెరుగన్నం, ఏదైనా పండు, చాలు. తిన్నాక నీడ చూసుకుని, జాకెట్ తలకింద పెట్టుకుని అరగంట పడుకో. ఊరి రచ్చబండ ఉంటుంది, గుడి అరుగు ఉంటుంది, మన పల్లెల్లో మధ్యాహ్నం పూట అరుగు మీద పడుకున్నవాణ్ణి ఎవరూ లేపరు, మహా అయితే ఏ ఊరు నాయనా అని అడుగుతారు. ఫోన్లో అలారం పెట్టుకో. పాటలు గట్టిగా పెట్టుకుని, మొహం మీద నీళ్ళు చల్లుకుని నడిపేస్తా అంటే కుదరదు, నిద్రకు మందు నిద్రే.

అందరూ చెప్పే ఇంకో మాట నువ్వూ రాశావు, యాభై కిలోమీటర్లకొకసారి ఇంజన్ చల్లారనివ్వాలా అని. అక్కర్లేదు. ఆయిల్ సరిగ్గా ఉంటే ఇప్పటి 150 సీసీ బండి అరవై, డెబ్భైలో గంటల తరబడి పోతుంది, నడుస్తున్నంతసేపు గాలి తగులుతూనే ఉంటుంది కదా. ఆగాల్సింది నీకోసం, నడుము కోసం, నీళ్ళ కోసం. బయల్దేరే ముందు రోజు ఆయిల్ మట్టం చూసుకో, బండిని నిటారుగా నిలబెట్టి చూడాలి, స్టాండ్ మీద ఒరిగి ఉన్నప్పుడు కాదు. చైనుకి ఆయిల్ రాత్రి ఇంటికొచ్చాక, చైను వేడిగా ఉండగానే పట్టించు, పొద్దున బయల్దేరే ముందు పట్టిస్తే సగం రిమ్ముకి చిమ్ముతుంది. చైను ఎంత వదులుండాలో, టైర్లలో గాలి ఎంతుండాలో బండి మీద స్టిక్కర్ ఉంటుంది, అదే పాటించు. గాలి పొద్దున చల్లటి టైర్ల మీదే కొలవాలి. మధ్యాహ్నం కొలిస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది మామూలే, తీసెయ్యొద్దు.

పంచరు సంగతి. మన వైపు మేకుల కంటే కంపముళ్ళు ఎక్కువ. బండి ఆపాలంటే కంపచెట్ల కిందకి నెట్టకు, రోడ్డు పక్క గట్టి నేల మీదే ఆపు. ట్యూబ్‌లెస్ టైరైతే పంచరు కిట్టు, చిన్న పంపు పెట్టుకో, ఇంట్లో ఒక పాత టైరు మీద ఒకసారి చేసి చూసుకో. టైరులో మేకు కనపడిందనుకో, వెంటనే పీకొద్దు. చాలాసార్లు ఆ మేకే గాలి పోకుండా ఆపుతుంటుంది. గాలి దిగడం లేదంటే మెల్లగా నడుపుకుంటూ అంగడి దాకా పో, అక్కడ పీకించు. ఇవి కాక క్లచ్ కేబుల్ ఒకటి, రెండు ఫ్యూజులు. క్లచ్ కేబుల్ పాతదైతే కొత్తది వేయించి పాతది బ్యాగులో పడెయ్.

జమ్మలమడుగు నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్లు, పడమటికి. నువ్వు సాయంత్రం ఆరుకి ఆ రోడ్డు మీద ఉంటే సూర్యుడు నేరుగా కళ్ళల్లోకి కొడతాడు, ముందు గుంట ఉన్నా కనపడదు అన్నట్టుంటుంది ఆ వెలుగు, హెల్మెట్ అద్దం మీద గీతలుంటే మరీ. నాలుగున్నర, అయిదుకల్లా చేరిపోతే ఆ బాధ లేదు. దీనికి తిరగబడ్డ సంగతి కూడా గుర్తుంచుకో: పొద్దు వాలినప్పుడు సూర్యుడు నీ వెనక ఉంటే నీకు అన్నీ బాగా కనపడతాయి, కానీ ఎదురొచ్చేవాడికి నువ్వు కనపడవు. రోడ్డు మీద నీ నీడ నీకంటే ముందు పొడుగ్గా పోతోందంటే ఎదుటివాడి కళ్ళల్లో ఎండ కొడుతోందని లెక్క, వాడు ఓవర్‌టేక్ చేస్తూ నీ మీదకే రావొచ్చు. మ్యాపులో దగ్గర దారి అని చూపించే పల్లె రోడ్లు పట్టుకోవద్దు, అవతల గండికోట రిజర్వాయర్ ముంపు ఊళ్ళు, ఒంటరిగా ఆ టైములో దారి వెతుక్కునే పని పెట్టుకోకు.

కోటలో ముందు లోపలి భాగం చూసుకో. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, కోనేరు, అన్నీ నడిచే దూరంలోనే. పొద్దు దిగేటప్పుడు పెన్న లోయ అంచుకి పో. అక్కడ చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, బండరాళ్ళ మీద బండరాళ్ళు, వాటి మధ్య సందులు, జూలై గాలి అక్కడ ఇంకా గట్టిగా కొడుతుంది. రోజంతా బండి మీద ఉన్నవాడి కాళ్ళు కొంచెం తేలిపోతుంటాయి, నీకు తెలియకపోవచ్చు. అంచుకి రెండు మూడు బారల ఇవతలే కూర్చో, ఎర్ర రాయి రంగు మారేది అక్కడి నుంచి కూడా కనపడుతుంది. ఫోటో కోసం వెనక్కి అడుగులు వెయ్యొద్దు. ఫోను అన్నాను కాబట్టి ఇంకోటి, హ్యాండిల్ మీద ఫోను బిగిస్తావేమో, ఆ అదురుకి కొన్ని ఫోన్లలో కెమెరా పాడవుతుంది. జేబులో పెట్టుకుని చెవిలో దారి వినడం మేలు, లేదా ఆగినప్పుడే చూసుకో. ఆఫ్‌లైన్ మ్యాపు ఇంటి దగ్గరే దించుకో, దారిలో సిగ్నల్ పోయే చోట్లున్నాయి.

ఇంక అమ్మ సంగతి. ఆవిడకి నచ్చజెప్పడానికి కబుర్లు పనికిరావు, టైములు పనికొస్తాయి. ఒక కాగితం మీద రాసివ్వు: ఎనిమిదికి బనగానపల్లె, పదికి బేలం, పన్నెండున్నరకి బయటికి, నాలుగున్నరకి జమ్మలమడుగు, అయిదుకి గండికోట. చేరిన ప్రతిచోటా ఒక మెసేజ్ పెడతానని, గుహలో ఉన్నంతసేపు ఫోను కలవదని ముందే చెప్పు. ఆ మాట చెప్పకపోతే ఆవిడ పదకొండింటికి ఫోన్ చేసి, కలవక, నీ బాబాయికి ఫోన్ చేసి, ఆయన కొలిమిగుండ్లలో తెలిసినవాళ్ళకి చేసి, నువ్వు బయటికొచ్చేసరికి పెద్ద పంచాయితీ అయ్యుంటుంది. నడిపేటప్పుడు ఫోన్ మోగితే ఎత్తనని కూడా చెప్పు, మోగుతుంటే ఎత్తాలన్న టెన్షన్ నీకు, ఎత్తలేదన్న టెన్షన్ ఆవిడకి. లైవ్ లొకేషన్ పెట్టొచ్చు కానీ సిగ్నల్ పోయి చుక్క ఒకేచోట ఆగిపోతే అది చూసి ఇంకా కంగారు పడతారు, మా ఇంట్లో అయితే అదే జరిగేది, అందుకే నేను మెసేజ్‌లే అంటాను. జేబులో ఒక చీటీ: నీ పేరు, రక్తం గ్రూపు, ఇంటి నంబరు. ఫోనుకి లాకు ఉంటుంది, చీటీకి ఉండదు. హైవే మీద ఏదైనా అయితే 1033, కానీ అది జాతీయ రహదారుల నంబరు, మిగతా రోడ్ల మీద 108 లేదా 112.

ఆదివారం పొద్దున వీలైతే లోయ దగ్గరికి మళ్ళీ పో, తెల్లవారుజామున జనం తక్కువ, గాలి కూడా తక్కువ. ఏడుకల్లా బయల్దేరితే కడప ఎనభై కిలోమీటర్ల చిల్లర, తొమ్మిదిన్నరకి ఎర్రకారం దోసె ముందు కూర్చుంటావు. అక్కడి నుంచి మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు రెండు వందల కిలోమీటర్లు, మంచి హైవే, ఉత్తరం వైపు పోతుంటావు కాబట్టి ఈసారి గాలి ఎడమ భుజం మీద. అప్పుడు పైన చెప్పిన లారీ లెక్క తారుమారవుతుంది: లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు దాని చాటున గాలి ఉండదు, దాని ముందుకు రాగానే ఎడమ నుంచి ఒక్క తోపు, కుడికి డివైడర్ వైపు. దాటేసిన సెకనులో చేతులు బిగించకు. పదకొండు లోపు కడప వదిలితే మూడింటికల్లా ఇంట్లో ఉంటావు.

గండికోటలో టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, శనివారం పూట బెంగళూరు నుంచి కూడా జనం వస్తారు, ఇప్పుడే బుక్ చేసుకో. అది దొరక్కపోతే జమ్మలమడుగులో లాడ్జి చూసుకుని, పొద్దు పూర్తిగా గూకక ముందే కోట నుంచి కిందకి బయల్దేరు. రూము ఏదీ కుదరకపోతే తరవాతి వారానికి మార్చుకో, కడపకు మాత్రం రాత్రి పోవద్దు. బండి ఏ మోడలో, టైర్లు ట్యూబా ట్యూబ్‌లెస్సా రాయలేదు నువ్వు, అది చెప్తే కిట్టు ఏది కొనాలో చెప్తాను.